వెలుతురు పడ్డ అణువు: జార్జ్ హామండ్ పరిశోధన

జార్జ్ సిమ్స్ హామండ్ పేరు కర్బన రసాయన శాస్త్రం చదివే ఎమ్మెస్సీ విద్యార్థులకు, ఆ సబ్జెక్టులో పోటీ పరీక్షలతో కుస్తీ పట్టేవారికి ఒక ప్రతిపాదన ద్వారానే పరిచయమవుతుంది. 1955లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో వెలువడిన ఐదు పేజీల వ్యాసంలో ఆయన చేసిన ఆ ప్రతిపాదన పాఠ్యపుస్తకాలకెక్కి, ఆయన పేరుతోనే స్థిరపడిపోయింది. ఆయన శాస్త్ర జీవితంలో బరువైన భాగం మాత్రం ఆ తరువాతే మొదలైంది. కాంతి తగిలిన అణువు ఎలా ప్రవర్తిస్తుందో, ఎందుకలా ప్రవర్తిస్తుందో ప్రయోగపూర్వకంగా తేల్చి, అంతవరకు వింతల జాబితాగా ఉన్న కాంతి రసాయన శాస్త్రాన్ని కార్యకారణ సంబంధాలు గల శాస్త్రంగా నిలబెట్టినవారిలో ఆయన అగ్రగణ్యుడు. పాఠ్యపుస్తకం ఆయనకిచ్చిన చోటు చిన్నది; ఆయన చేసిన పని పెద్దది.

రసాయన సమీకరణంలో ఎడమవైపు క్రియాజనకాలు, కుడివైపు క్రియాజన్యాలు, నడుమ ఒక బాణం గుర్తు ఉంటాయి. ఏ బంధం ముందు తెగింది, ఏది తరువాత ఏర్పడింది, మధ్యలో క్షణకాలం ఉండి మాయమయ్యే పదార్థాలేమిటి అన్న ప్రశ్నలన్నీ ఆ బాణం గుర్తులోనే దాగి ఉంటాయి. వాటికి సమాధానం చెప్పే ప్రయత్నాన్నే చర్యా విధాన పరిశోధన అంటారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో అమెరికాలో ఈ పరిశోధన ఉచ్చస్థితిలో ఉండేది. దానికి ఆద్యుల్లో ఒకరైన పాల్ బార్ట్‌లెట్ వద్ద హార్వర్డ్‌లో 1947లో డాక్టరేట్ పొంది, ఆ వెంటనే లాస్ ఏంజెలిస్‌లో సాల్ విన్‌స్టీన్ వద్ద కొంతకాలం పనిచేసిన హామండ్‌కు ఈ విద్య గురుపరంపరగా అబ్బింది. అంతకు ముందటి జీవితం వేరు. ఆయన 1921లో మెయిన్ రాష్ట్రంలోని ఆబర్న్ వద్ద ఒక పాడి రైతు కుటుంబంలో పుట్టారు. పదమూడో ఏట తండ్రి పోవడంతో పాడి పనుల భారం మీద పడి, కళాశాల చదువు ఆలస్యమై, 1943లో గానీ బేట్స్ కళాశాల నుంచి పట్టభద్రులు కాలేకపోయారు. 1948లో అయోవా స్టేట్ కళాశాలలో అధ్యాపకులుగా చేరి, పదేళ్లు అక్కడే ఉన్నారు. ప్రతిపాదన అక్కడ పుట్టిందే.

ప్రతిపాదన అర్థం కావాలంటే 'పరివర్తన స్థితి' అన్న భావన తెలియాలి. రసాయన చర్యలో పాల్గొనే అణువులు క్రియాజన్యాలుగా మారే దారిలో అన్నిటికన్నా ఎక్కువ శక్తి గల ఒక అమరికను దాటవలసి ఉంటుంది. ఒక లోయలోంచి పక్క లోయలోకి వెళ్లే బాటసారి మధ్యనున్న కనుమను ఎక్కి దిగక తప్పనట్టే, అణువులకూ ఆ ఎత్తు తప్పదు. ఆ అమరికే పరివర్తన స్థితి. చర్య వేగాన్ని నిర్ణయించేది అదే, కాని దాన్ని సీసాలో పట్టి చూడటానికి వీలులేదు, ఎందుకంటే అక్కడ అణువు నిలవదు. కంటికి కనబడనిదీ, చేతికి చిక్కనిదీ అయిన ఆ స్థితి రూపురేఖలను ఊహించడానికి హామండ్ ఒక సూత్రం చెప్పారు: చర్యాక్రమంలో ఒకదాని వెంట ఒకటి వచ్చే రెండు స్థితుల శక్తులు దగ్గరదగ్గరగా ఉంటే వాటి నిర్మాణాలు కూడా దగ్గరగానే ఉంటాయి, ఒకటి మరొకటిగా మారడానికి అణువులో పెద్ద మార్పు అక్కరలేదు. దీన్నిబట్టి, ఎక్కువ వేడిని వెలువరించే ఉష్ణమోచక చర్యలో పరివర్తన స్థితి త్వరగా వచ్చి క్రియాజనకాలను పోలి ఉంటుంది. వేడిని పీల్చుకొనే ఉష్ణగ్రాహక చర్యలో ఆలస్యంగా వచ్చి క్రియాజన్యాలను పోలి ఉంటుంది.

ప్రొపేన్ వాయువుపై క్లోరిన్, బ్రోమిన్ చర్యలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సూత్రం బలం తెలుస్తుంది. మూడు కార్బన్‌ల ఈ అణువులో చివరి కార్బన్‌ల మీద ఆరు, నడిమి కార్బన్ మీద రెండు హైడ్రోజన్‌లు ఉంటాయి. కాంతి సమక్షంలో, గది ఉష్ణోగ్రత వద్ద క్లోరిన్ చర్య జరిపితే చివర చేరిన పదార్థం సుమారు 45 శాతం, నడుమ చేరినది 55 శాతం వస్తాయి. అదే బ్రోమిన్‌ను దాదాపు 127 డిగ్రీల సెల్సియస్ వద్ద వాడితే 97 శాతం నడుమనే చేరుతుంది. క్లోరిన్ పరమాణువు హైడ్రోజన్‌ను లాక్కొనే అంచె ఉష్ణమోచకం. అక్కడ పరివర్తన స్థితి వచ్చేనాటికి బంధం ఇంకా సరిగా తెగనే లేదు కనుక, తెగాక మిగలబోయే స్వేచ్ఛా ప్రాతిపదిక, అంటే జత లేని ఎలక్ట్రాన్ గల ముక్క, ఎంత స్థిరమైనదన్న సంగతి ఎంపికను పెద్దగా ప్రభావితం చేయదు. బ్రోమిన్ విషయంలో అదే అంచె ఉష్ణగ్రాహకం. పరివర్తన స్థితిలో బంధం చాలావరకు తెగిపోయి ఉంటుంది, మిగిలే ముక్క స్థిరత్వమే చర్య పోకడను శాసిస్తుంది. రెండు హాలోజన్‌ల గుణభేదాన్ని ఇంత పొదుపుగా వివరించగల సూత్రం మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు.

జాన్ లెఫ్లర్ అంతకు రెండేళ్ల ముందు, 1953లో, ఇటువంటి ఆలోచననే మరో రూపంలో చెప్పి ఉన్నందున కొందరు రెండు పేర్లనూ కలిపి వాడతారు. ప్రతిపాదనకు హద్దులున్నాయని కూడా గుర్తుంచుకోవాలి: శక్తులు దగ్గరగా ఉన్నప్పుడే అది మాట్లాడుతుంది, దూరంగా ఉన్నప్పుడు ఏమీ చెప్పదు. పరీక్షా పత్రాల్లో దాన్ని ప్రతి చర్యకూ మంత్రంలా తగిలించే అలవాటుకు బాధ్యత హామండ్‌ది కాదు.

1958లో ఆయన కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి, వాడుకలో కాల్‌టెక్‌కు, మారారు. కాంతి రసాయన శాస్త్రం అప్పటికి కొత్తదేమీ కాదు. ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో జాకొమో చమిచాన్, ఆయన సహచరుడు పాల్ సిల్బర్ గాజు పాత్రలను మేడ మీద ఎండలో వరుసగా పేర్చి, కర్బన పదార్థాలపై సూర్యకాంతి ప్రభావాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. బొగ్గు మీద ఆధారపడిన నాగరికత ఏనాటికైనా సూర్యుని వైపు తిరగక తప్పదని చమిచాన్ 1912లో న్యూయార్క్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో చెప్పిన మాటను నేటికీ ఉటంకిస్తుంటారు. 1900 ప్రాంతంలో వారు గమనించిన చర్యల్లో ఒకటి, బెంజోఫినోన్ అనే పదార్థాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి ఎండలో ఉంచితే రెండు బెంజోఫినోన్ అణువులు జతపడి బెంజోపినకాల్ స్ఫటికాలుగా పేరుకోవడం. ఇలాంటి చర్యలు ఆ తరువాతి అర్ధ శతాబ్దంలో చాలానే పోగుపడ్డాయి గాని, కాంతి పడిన క్షణానికీ స్ఫటికం కనబడిన క్షణానికీ మధ్య ఏం జరిగిందో చెప్పగలిగినవారు లేరు.

జవాబుకు కావలసిన సరంజామా భౌతిక రసాయన శాస్త్రజ్ఞుల దగ్గర సిద్ధంగా ఉంది. అణువులో ఎలక్ట్రాన్‌లు సాధారణంగా జతలుగా ఉంటాయి. జతలోని రెండింటికీ 'స్పిన్' అనే గుణం పరస్పర వ్యతిరేక దిశల్లో ఉంటుంది. అణువు ఒక కాంతి కణాన్ని మింగినప్పుడు ఒక ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగసి, అణువు ఉత్తేజిత స్థితికి చేరుతుంది. ఎగసిన ఎలక్ట్రాన్ స్పిన్ మునుపటి దిశలోనే ఉంటే ఆ స్థితిని సింగ్లెట్ అంటారు. స్పిన్ తిరగబడి రెండూ ఒకే దిశలోకి వస్తే ట్రిప్లెట్ అంటారు. ట్రిప్లెట్ శక్తి సింగ్లెట్ శక్తి కన్నా తక్కువ. అక్కడి నుంచి అణువు మామూలు స్థితికి రావాలంటే స్పిన్ మళ్లీ తిరగబడాలి, అది అంత సులభంగా జరిగేది కాదు, అందుకే ట్రిప్లెట్ ఆయువు ఎక్కువ. కాంతిని ఆపాక కూడా కొన్ని పదార్థాలు కాసేపు మెరుస్తూ ఉండే స్ఫురదీప్తికి కారణం ఈ ట్రిప్లెట్ స్థితేనని గిల్బర్ట్ లూయిస్, మైకేల్ కాషా 1944లో వాదించారు. రష్యాలో తెరెనిన్, యెర్మొలాయెవ్ 1950లలో, బాగా చల్లబరచి గాజులా గడ్డకట్టించిన ద్రావణాల్లో ఒక అణువు ట్రిప్లెట్ శక్తి పక్క అణువుకు చేరుతుందని చూపారు. ఇవన్నీ వర్ణపటాలు చదివేవారి విజ్ఞానం. సాధారణ ఉష్ణోగ్రతల వద్ద జరిగే కర్బన రసాయన చర్యలతో వాటికి ముడి పడలేదు. ఆ ముడి వేసినవారు హామండ్.

ఆయన ఎంచుకొన్నది చమిచాన్ చూసిన చర్యనే, చిన్న మార్పుతో. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బదులు బెంజ్‌హైడ్రాల్‌ను తీసుకొన్నారు. ఈ ఎంపికలో పెద్ద తెలివి ఉంది: ఉత్తేజితమైన బెంజోఫినోన్ బెంజ్‌హైడ్రాల్ నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కొంటే, లాక్కొన్నదీ పోగొట్టుకొన్నదీ రెండూ అచ్చంగా ఒకే ప్రాతిపదికగా మారతాయి, ఆ రెండూ జతపడితే వచ్చేది బెంజోపినకాల్ ఒక్కటే. పక్కదారులు లేని చర్య కనుక లెక్క తేటగా ఉంటుంది. బెంజోఫినోన్ మాత్రమే పీల్చుకొనే కాంతిని ద్రావణం మీద పడనిచ్చి, పీల్చుకొన్న కాంతి కణాలకు ఎన్ని అణువులు చర్యలో ఖర్చయ్యాయో లెక్కగట్టారు. ఈ నిష్పత్తిని క్వాంటం దక్షత అంటారు.

ఉత్తేజిత అణువు ముందున్న దారులు రెండే: బెంజ్‌హైడ్రాల్ తారసపడితే హైడ్రోజన్‌ను లాక్కోవడం, లేదా ఏమీ చేయకుండా శక్తిని వదులుకొని మామూలు స్థితికి దిగిరావడం. బెంజ్‌హైడ్రాల్ గాఢత పెరిగేకొద్దీ మొదటి దారికి అవకాశం పెరగాలి. క్వాంటం దక్షత విలోమాన్ని గాఢత విలోమంతో రేఖాపటంగా గీస్తే సరళరేఖ వచ్చింది. ఆ రేఖ వాలును బట్టి రెండు దారుల వేగాల నిష్పత్తి తేలింది. ఉత్తేజిత అణువును తాకగానే చల్లార్చేసే ఒక ఇనుప సమ్మేళనాన్ని ఇసుమంత కలిపి, దానితో పోటీ పెట్టడం వల్ల వేగాల అసలు విలువలు, వాటి నుంచి ఉత్తేజిత అణువు ఆయువు కూడా అంచనాకొచ్చాయి. ఆ ఆయువు సింగ్లెట్‌కు సాధ్యమయ్యేదానికన్నా ఎంతో ఎక్కువ. కనుక చర్య జరిపేది ట్రిప్లెట్టే. విలియం మూర్, రాబర్ట్ ఫాస్‌లతో కలిసి ఆయన 1961లో ప్రకటించిన ఈ పరిశోధన కర్బన కాంతి రసాయన శాస్త్రంలో మలుపుగా గుర్తింపు పొందింది. బెంజోఫినోన్ సింగ్లెట్ సెకనులో సుమారు పదివేల కోట్లవ వంతు కాలంలోనే ట్రిప్లెట్‌గా మారిపోతుందని, ట్రిప్లెట్ ద్రావణంలో దానికి లక్షల రెట్లు ఎక్కువ కాలం బతుకుతుందని తరువాతి కాలపు పరికరాలు నేరుగా కొలిచి చూపాయి. క్షణికమైన కాంతి మెరుపులతో అల్పాయువు గల అణువులను పట్టుకొనే పద్ధతికి నారిష్, పోర్టర్‌లకు 1967లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. హామండ్ ప్రయోగశాల ఆ అణువును చూడకుండానే, దాని మీద పోటీ పెట్టి వచ్చిన ఫలితాలను లెక్కగట్టి, దాని ఉనికిని తేల్చింది.

ఈ లెక్కలు నమ్మదగినవి కావాలంటే రెండు జాగ్రత్తలు తప్పనిసరి. గాలిలోని ఆక్సిజన్ ట్రిప్లెట్ అణువులను తాకీ తాకగానే చల్లార్చేస్తుంది. అందువల్ల ద్రావణం ఉన్న గాజు గొట్టాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టించి, పంపుతో గాలి తోడేసి, మళ్లీ కరగనిచ్చి, ఈ తంతును పలుమార్లు చేసి, చివరికి గొట్టం మూతిని మంట మీద కరిగించి మూసేయాలి. రెండోది, పోల్చి చూడవలసిన గొట్టాలన్నిటి మీదా సరిసమానంగా కాంతి పడాలి. పాదరసపు దీపం అన్ని వైపులకూ ఒకేలా వెలగదు. అందుకు హామండ్ బృందంలో దీపాన్ని నడుమ నిలిపి, గొట్టాలను దాని చుట్టూ గుండ్రంగా అమర్చి, మొత్తం చట్రాన్ని మోటారుతో తిప్పే ఏర్పాటు చేసుకొన్నారు. ప్రతి గొట్టమూ దీపం ప్రతి వైపునూ చూస్తుంది కనుక హెచ్చుతగ్గులు సర్దుకొంటాయి. ఆ యంత్రాన్ని వారు రంగులరాట్నం అనే పిలిచారు. శాస్త్ర పత్రికల్లోనూ ఆ పేరే నిలిచింది.

బెంజోఫినోన్ ద్రావణంలో కాస్త నాఫ్తలీన్‌ను, అంటే బట్టల పెట్టెల్లో వేసే కలరా ఉండల పదార్థాన్ని, కలిపితే చర్య మందగిస్తుంది. పడుతున్న కాంతిని నాఫ్తలీన్ పీల్చుకోదు, అయినా చర్యకు అడ్డుపడుతుంది. బెంజోఫినోన్ ట్రిప్లెట్ శక్తి మోల్‌కు సుమారు 69 కిలో కేలరీలు, నాఫ్తలీన్‌ది సుమారు 61. శక్తి ఎక్కువ మెట్టు నుంచి తక్కువ మెట్టుకు జారి, బెంజోఫినోన్ చల్లారి, నాఫ్తలీన్ ట్రిప్లెట్‌గా మారుతోందన్నమాట. దీన్ని అడ్డంకిగా చూసి ఊరుకోకుండా హామండ్ సాధనంగా మలచుకొన్నారు. కాంతిని నేరుగా పీల్చుకొంటే ట్రిప్లెట్ స్థితికి చేరలేని అణువులను సైతం, ముందు మరో పదార్థాన్ని ఉత్తేజపరచి దాని ద్వారా ట్రిప్లెట్ స్థితికి చేర్చవచ్చు. ఇలా కాంతిని తాను పీల్చుకొని శక్తిని ఇతరులకు అందించే పదార్థాన్ని సెన్సిటైజర్ అంటారు. సెన్సిటైజర్‌ను మారిస్తే అందే శక్తి మారుతుంది. శక్తి మారితే ఫలితం ఎలా మారుతుందో చూడవచ్చు. కాల్‌టెక్‌లో 1960ల పనంతా ఈ ఒక్క ఆలోచన విస్తరణే అనవచ్చు.

స్టిల్బీన్ అనే అణువు నడిమి ద్విబంధానికి రెండు వైపులా బెంజీన్ వలయాలుంటాయి. అవి ఒకే పక్కన ఉంటే సిస్, ఎదురెదురు పక్కల ఉంటే ట్రాన్స్ రూపం. ట్రిప్లెట్ స్థితిలో ఆ బంధం మెలితిరిగి, దిగివచ్చేటప్పుడు ఏ రూపంలోకైనా రావచ్చు. ట్రాన్స్ రూపాన్ని ఉత్తేజపరచడానికి సుమారు 50, సిస్ రూపానికి సుమారు 57 కిలో కేలరీలు కావాలి. బాగా శక్తిగల సెన్సిటైజర్ వాడితే రెండు రూపాలూ ఉత్తేజితమై, చివరికి సిస్ సగానికి కాస్త పైన నిలుస్తుంది. ఈ రెండు విలువల నడుమ శక్తి గల సెన్సిటైజర్ వాడితే ట్రాన్స్ సులభంగా, సిస్ కష్టంగా ఉత్తేజితమవుతాయి. అందుచేత సిస్ పేరుకొంటూ పోయి 90 శాతం దాటుతుంది. మామూలుగా వేడి చేస్తే అణువు తక్కువ శక్తి గల ట్రాన్స్ వైపే మొగ్గుతుంది, కాంతితో ఆ మొగ్గును తిరగేయవచ్చన్నమాట. ఈ లెక్కను జాక్ సాల్టీల్ తదితరులతో కలిసి విస్తరించినప్పుడు ఒక చిక్కు ఎదురైంది: సిస్‌కు కావలసినంత శక్తి లేని సెన్సిటైజర్లు కూడా దాన్ని ఎంతోకొంత ఉత్తేజపరుస్తున్నాయి. శక్తి అందుకొనే క్షణంలోనే అణువు ఆకారం మార్చుకొని తక్కువ శక్తితో సర్దుకొంటుందని హామండ్ బృందం వివరణ ఇచ్చింది. అణువును కదలని బొమ్మగా ఊహించుకొన్నవారికి ఆ వివరణ మింగుడుపడలేదు, దాని మీద వాదోపవాదాలు చాలాకాలం సాగాయి.

నాలుగు కార్బన్‌ల బ్యుటాడైయీన్‌తో హామండ్ శిష్యులు రాబర్ట్ లియు, నికొలస్ టర్రో చేసిన పని బహుశా వీటన్నిటిలోకి సొగసైనది. ఈ అణువులోని రెండు ద్విబంధాలు నడిమి ఏకబంధం చుట్టూ తిరిగి ఎదురెదురు దిశల్లోనో, ఒకే దిశలోనో ఉండవచ్చు. గది ఉష్ణోగ్రత వద్ద అత్యధిక భాగం మొదటి అమరికలోనే ఉంటుంది. మొదటిదాన్ని ఉత్తేజపరచడానికి సుమారు 60, రెండోదానికి సుమారు 53 కిలో కేలరీలు చాలు. శక్తిగల సెన్సిటైజర్ వాడితే రెండు బ్యుటాడైయీన్‌లు కలిసి ప్రధానంగా నాలుగు కార్బన్‌ల వలయాలనిస్తాయి. శక్తి తక్కువైనది వాడితే ఆరు కార్బన్‌ల వలయం వాటా పెరుగుతుంది. ట్రిప్లెట్ స్థితిలో నడిమి బంధం ద్విబంధంలా బిగుసుకుపోతుంది కనుక ఒక అమరిక మరొకటిగా మారలేదు, ఉత్తేజితమైన అమరికే చివరి పదార్థంలో తన ముద్ర వేస్తుంది. సీసాలో వచ్చిన పదార్థాల పాళ్లను చూసి, అంతకు ముందు లిప్తపాటులో ఏ ఆకారం ఉత్తేజితమైందో చెప్పగలిగారన్నమాట. 1955 నాటి ప్రతిపాదనలో శక్తిని చూసి ఆకారాన్ని ఊహించిన మనిషే పదేళ్ల తరువాత ప్రయోగంతో అదే పని చేసి చూపారు.

ట్రిప్లెట్‌ల ఈ తర్కం నేడు ప్రయోగశాల బయట కూడా పనిచేస్తోంది. దంత వైద్యులు పంటి రంగు సిమెంటును నీలి కాంతి చూపి సెకన్లలో గట్టిపరుస్తారు. అందులోని కాంఫర్‌క్వినోన్ అనే పదార్థం ఆ కాంతికి ట్రిప్లెట్‌గా మారి, పక్కనున్న అణువు నుంచి చివరికి హైడ్రోజన్‌ను గుంజుకొని, ప్రాతిపదికలను పుట్టిస్తుంది. అచ్చు యంత్రాల్లో అతినీలలోహిత కాంతికి క్షణంలో ఆరిపోయే సిరాల్లో బెంజోఫినోన్ కుటుంబపు పదార్థాలు ఇటువంటి పనే చేస్తాయి. కొన్ని కేన్సర్లకు చేసే కాంతి చికిత్సలో సెన్సిటైజర్ తన ట్రిప్లెట్ శక్తిని ఆక్సిజన్‌కు అందించి, కణాలను చంపగల ఉత్తేజిత ఆక్సిజన్‌ను పుట్టిస్తుంది; ప్రయోగశాలలో అడ్డు తగిలిన ఆక్సిజనే ఇక్కడ ఆయుధం. వీటిని హామండ్ కనిపెట్టలేదు. వీటి వెనుక ఉన్న తర్కం మాత్రం ఆయన కాలంలో, అధిక భాగం ఆయన శిష్యబృందం చేతుల్లో రూపుదిద్దుకొంది.

బోధనలోనూ ఆయనకు తనదైన పట్టుదల ఉండేది. డొనాల్డ్ క్రామ్‌తో కలిసి 1959లో ఆయన వెలువరించిన కర్బన రసాయన పాఠ్యపుస్తకం ఆల్కహాల్‌లు, ఆల్డిహైడ్‌లు అంటూ పదార్థాల వరుసను అనుసరించకుండా చర్యల స్వభావాన్ని బట్టి విషయాన్ని కూర్చింది. క్రామ్‌కు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది, హామండ్‌కు రాలేదు. రసాయన శాస్త్రాన్ని కర్బన, అకర్బన, భౌతిక శాఖలుగా చీల్చి చెప్పడం కాలం చెల్లిన పద్ధతి అని, నిర్మాణం, గతి, సంశ్లేషణ అనే మూడు ముఖాలుగా చూడాలని ఆయన 1960ల చివర వాదించారు. కాంతి రసాయన శాస్త్రం ఆ గోడలన్నిటినీ దాటినదే కనుక ఆ వాదన ఆయన అనుభవంలోంచే వచ్చింది. మన విశ్వవిద్యాలయాల్లో ఆ గోడలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

1970లో అమెరికా సేనలు కంబోడియాలో ప్రవేశించడాన్ని బహిరంగంగా విమర్శించినందువల్ల, నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో పరిశీలనలో ఉన్న ఉన్నత పదవి ఆయనకు దక్కకుండా పోయింది. 1972లో కాల్‌టెక్ వదలి శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, ఆ దశకం చివర అలైడ్ కెమికల్ సంస్థ పరిశోధనా విభాగానికి వెళ్లి, దాదాపు పదేళ్లు పరిశ్రమలో గడిపారు. 1976లో ప్రీస్ట్‌లీ పతకం, 1994లో అమెరికా ప్రభుత్వపు నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ ఆయనను వరించాయి. 2005లో పోర్ట్‌లండ్‌లో కన్నుమూశారు. ప్రయోగశాలకు దూరమైన ఆ మలి దశాబ్దాల్లో ఆయన రసాయన శాస్త్రానికి కొత్తగా చేర్చినది తక్కువే.

శాస్త్రం శిష్యుల ద్వారా సాగింది. టర్రో కొలంబియా విశ్వవిద్యాలయంలో, సాల్టీల్ ఫ్లోరిడా స్టేట్‌లో, లియు హవాయిలో సొంత బృందాలను పెంచారు. లియు వద్ద డాక్టరేట్ చేసిన వి. రామమూర్తి, తరువాత టర్రోతోనూ పనిచేసి, 1970ల చివర బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చారు. ద్రావణంలో స్వేచ్ఛగా తిరిగే అణువు మీద హామండ్ అడిగిన ప్రశ్నలనే ఆయన స్ఫటికాల్లోనూ, ఇతర అణువుల ఇరుకు గూళ్లలోనూ బంధించిన అణువుల మీద అడిగారు: కాంతి తగిలాక మెలితిరగడానికి చోటు లేకపోతే అణువు ఏం చేస్తుంది, ఏ దారి మూసుకుపోతుంది, ఏది తెరుచుకుంటుంది. టర్రో, స్కయానోలతో కలిసి ఆయన రాసిన కర్బన అణువుల కాంతి రసాయన గ్రంథం 2010లో వెలువడి, ఆ రంగంలో అడుగుపెట్టే పరిశోధకుల చేతికి తొలుత అందే పుస్తకమైంది.